మేడమ్ పెంచిన కంది

ఉప్పల్‌లోని పరిశోధన క్షేత్రంలో నేను చేరిన రోజుల్లో కొత్త కంది రకాలు తయారుచేసే మా మేడమ్ చేతిలో ఎప్పుడూ ఒక స్టేప్లర్ ఉండేది. వెర్రి తెగులు పట్టిన కంది ఆకును తెచ్చి, లేత మొక్క ఆకుకు ఆనించి పిన్ను కొట్టేవారు. కంటికి కనిపించనంత చిన్న నల్లి ఆ ఆకు మీంచి పాకి తెగులు అంటిస్తుంది. తెగులు సోకిన మొక్క పూయదు. తట్టుకుని పూసిన రకమే రైతుకు పనికొస్తుంది. పిన్ను కొట్టిన ప్రతిసారీ ఆమె మొక్కతో, "ఏమనుకోకు తల్లీ" అనేవారు.

ఒక ఏడాది ఇలా పరీక్షించే సాళ్లలో ఆమె ఏళ్ల తరబడి సంకరం చేసి తయారుచేసుకున్న సొంత రకం కూడా ఉంది.

"దీనికి జర మెల్లగ కొడదామా మేడమ్?" అన్నాను నవ్వుతూ.

"గట్లెట్ల బిడ్డా? చేన్ల నల్లి, ఇది ఎవరి విత్తనమని అడుగుతదా?" అని, దానికి ఇంకో ఆకు ఎక్కువే కొట్టారు.

పూత కాలం వచ్చేసరికి పక్క సాలు పసుపుపచ్చగా పూసింది. ఆమె కంది మాత్రం ఆకులు పాలిపోయి, పువ్వు లేకుండా గుబురుగా నిలబడిపోయింది. కూలీలను పిలవబోతే వద్దన్నారు. ఒక్కో మొక్కనూ తానే పీకి గట్టు మీద పెట్టారు. ఆ తర్వాత మట్టిచేతులతోనే, పక్క సాలు రకం తయారుచేసిన సారుకు ఫోన్ చేశారు.

"సార్, మీ కంది మస్తు పూసింది, వచ్చి సూడుండ్రి. నాది పోయింది. మీ పూల పుప్పొడి జర ఇస్తరా? మల్ల సంకరం మొదలువెడ్త."