ఫీల్డుకెళ్ళిన నలుగురు

ఆమెను యూనివర్సిటీలో అందరూ రాళ్ళ మేడం అనేవారు. భూగర్భశాస్త్రం చెబుతుంది కాబట్టి పిల్లలు ముద్దుగా పెట్టుకున్న పేరది. ఆఫీసు వాళ్ళు కూడా దాంతోనే సరిపెట్టుకున్నారు. గంటల లెక్కన పాఠం చెప్పేవాళ్ళ అసలు పేర్లు గుర్తుపెట్టుకోవాల్సిన అగత్యం వాళ్ళకెప్పుడూ రాలేదు.

పద్దెనిమిదేళ్ళ క్రితం చేరినప్పుడు "ఒక్క ఏడాది ఓపిక పట్టమ్మా, పర్మనెంటు చేస్తారు" అన్నారు. ఆ ఒక్క ఏడాది ఇంకా అవలేదు. అప్పట్లో డిపార్టుమెంటులో హెడ్డుగా ఉన్న పెద్దసారు కాక మరో నలుగురు పర్మనెంటు మేష్టార్లుండేవారు. ఒక్కొక్కరే రిటైరయ్యారు. ఒకరు వెళ్ళిన ప్రతిసారీ ఆ ఖాళీ నింపమని ప్రభుత్వానికి రాశారు, ప్రతిసారీ ఖజానా పరిస్థితి బాగోలేదని జవాబొచ్చింది. ఖజానాకి ఏం రోగమో గానీ, యూనివర్సిటీ మాటెత్తినప్పుడే దానికి నీరసం ముంచుకొచ్చేది. కొత్త సచివాలయం కట్టడానికి మాత్రం లేడిపిల్లలా లేచి పరిగెత్తింది. వెళ్ళిన ప్రతి మేష్టారి క్లాసులూ రాళ్ళ మేడం నెత్తిన పడ్డాయి. ఖనిజాలు ఆమే, శిలాజాలు ఆమే, భూగర్భ జలాలు ఆమే. ల్యాబులో పైకప్పు కారితే బకెట్టు పెట్టేదీ ఆమే. సెలవుల్లో జీతం ఉండదు గనక ఎండాకాలమంతా ఇంటిదగ్గర ట్యూషన్లు చెప్పుకునేది.

వెళ్ళిపోయిన వాళ్ళ గదులకు తాళాలు పడ్డాయి. తలుపుల మీద పేర్ల బోర్డులు మాత్రం అలాగే ఉండిపోయాయి. అది పెద్దసారి పట్టుదల.

"బోర్డు పీకేస్తే పోస్టు పీకేస్తారమ్మా," అనేవారు. "గది ఖాళీ అని తెలిసిందంటే తెల్లారేసరికి కామర్సు వాళ్ళొచ్చి కుర్చీలేసుకుంటారు."

అందుకని అటెండరు రోజూ ఆ నాలుగు బోర్డులూ తడిగుడ్డతో తుడిచేవాడు. ఆ నలుగురి కోసం ఎవరైనా ఫోన్ చేసినా, గుమ్మంలోకొచ్చి అడిగినా ఒకటే జవాబు: "ఫీల్డుకెళ్ళారండీ." రాళ్ళను చూడ్డానికి సుత్తి పట్టుకుని కొండల వెంట తిరగడం ఈ చదువులో మామూలే. లెక్కల మేష్టారు ఫీల్డుకెళ్ళాడంటే నవ్వుతారు గానీ, భూగర్భం మేష్టారు వెళ్ళాడంటే ఎవరూ మారు మాట్లాడరు. ఆ నలుగురిలో ఒకాయన చనిపోయి కూడా ఏళ్ళయింది. ఆయన బోర్డు ఇత్తడిది కావడంతో మిగతావాటికంటే ఎక్కువ మెరిసేది. రాళ్ళ మేడం పేరుతో బోర్డు లేదు, టెంపరరీ వాళ్ళకు బోర్డు పెట్టే రూలు లేదు.

ఇంట్లో అత్తగారు ఊరుకునే మనిషి కాదు. "మా కోడలి ఉద్యోగం, మా వీధి కుళాయి ఒకటేనమ్మా. ఇదిగో వస్తుంది, అదిగో వస్తుందంటారు," అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. భర్త ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసే కొట్లో పనిచేసేవాడు, ఆ మాటలకు నవ్వి ఊరుకునేవాడు. ఆ ఏడాది మాత్రం అత్తగారు కూడా నవ్వడం మానేసింది. రెగ్యులర్ పోస్టుకి వయసు పరిమితి ఒకటుంది. ఇంకొక్క పుట్టినరోజు గడిస్తే రాళ్ళ మేడం ఆ గీత దాటిపోతుంది. ఈసారి రాకపోతే ఇక జన్మలో రాదు.

సరిగ్గా అప్పుడే ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. ఏ డిపార్టుమెంటు ఉంచాలి, ఏది మూసెయ్యాలి, ఎక్కడ పోస్టులివ్వాలి అన్నది చూసి చెప్పడం దాని పని. ఆ కబురు వినగానే పెద్దసారికి ప్రాణం లేచొచ్చింది.

"చచ్చిన డిపార్టుమెంటుకి ఎవడూ పోస్టివ్వడమ్మా. కళకళలాడుతున్నట్టు కనబడాలి. మంచి మార్కులొస్తే రెండు పోస్టులు ఖాయం, మొదటిది నీదే. నా రిటైర్మెంటులోపు నీకది ఇప్పించి వెళ్తాను."

ఆయన అబద్ధాలకోరు కాదు, ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నారు. ఆమె కూడా మనస్ఫూర్తిగానే నమ్మింది. ఇక ఒళ్ళు దాచుకోలేదు. మ్యూజియంలో దుమ్ముకొట్టుకుపోయిన రాళ్ళన్నీ కడిగింది, చీటీలు మళ్ళీ రాసి అంటించింది. జువాలజీ వాళ్ళను బతిమాలి మైక్రోస్కోపులు తెప్పించింది. వైస్ ఛాన్సలర్ ఆఫీసు పూలకుండీలు అప్పటికే ఊరేగింపులో ఉన్నాయి. కమిటీ ఒక బిల్డింగులో టీ తాగుతుంటే అవి తోపుడుబండి ఎక్కి వెనకదారిన పక్క బిల్డింగుకి చేరేవి. ఆ కుండీలు తిరిగినంతగా ఆ ఆవరణలో ఏ ప్రొఫెసరూ తిరిగి ఉండడు. అటెండరు బోర్డులకు నూనె కూడా రాశాడు.

కమిటీలో ముగ్గురొచ్చారు. వాళ్ళకు పెద్దగా వచ్చినావిడ నెమ్మదస్తురాలు, మాట మన్ననగా ఉంది. రాళ్ళ మేడం పాఠం విని, పిల్లల్ని ప్రశ్నలడిగి, టకటకా జవాబులొస్తుంటే ముచ్చటపడింది. వరండాలోకొచ్చాక తాళాలేసిన తలుపుల ముందు ఆగింది.

"వీళ్ళంతా ఏరీ?"

పెద్దసారు నీళ్ళు నమిలారు. ఫోన్లో అటెండరు చెప్పే మాట ఆయన నోట రాలేదు. రాళ్ళ మేడం ఒక్క క్షణం చూసింది. ఇంత కష్టమూ ఈ గుమ్మంలో బూడిదపాలైపోతుందనిపించింది.

"ఫీల్డుకెళ్ళారండీ," అంది.

"నలుగురూనా?"

"ఒకే ప్రాజెక్టండీ. వానలు మొదలైతే కొండలెక్కడం కష్టమని ముందే వెళ్ళారు."

అంత నున్నగా అబద్ధం చెప్పగలనని ఆమెకే తెలియదు. కమిటీ ఆవిడ తలూపి, నడుస్తూ నడుస్తూ ఆమెను పక్కకు పిలిచింది. "మీకేమైనా ఇబ్బందులుంటే మొహమాటపడకుండా చెప్పండమ్మా," అంది. పద్దెనిమిదేళ్ళూ ఒక్కసారి కక్కేద్దామనిపించింది. కానీ ఇప్పుడే కదా నలుగురినీ కొండెక్కించింది, వాళ్ళను దింపేదెలా?

"ఏం లేవండీ. అంతా చక్కగా నడుస్తోంది."

నెల తిరక్కుండా రిపోర్టొచ్చింది. పెద్దసారు చదివి, కళ్ళజోడు తీసి, ఆమె చేతికిచ్చేశారు. డిపార్టుమెంటు అద్భుతంగా ఉందట. హెడ్డుతో కలిపి ఐదుగురు రెగ్యులర్ అధ్యాపకులున్నారట, ఉమ్మడి పరిశోధన కూడా చేస్తున్నారట. ఉన్న పిల్లలకు వాళ్ళు చాలట. కాబట్టి కొత్త పోస్టు అక్కర్లేదు. గంటల లెక్కన పెట్టుకున్న మనిషి కూడా ఇక అనవసరం, ఆ ఖర్చు ఆదా చెయ్యవచ్చు. జీతాలిచ్చే వాళ్ళను ఒక్క మాట అడిగితే నిజం తేలిపోయేది. కానీ ఆ కమిటీ వచ్చిందే ఖర్చు తగ్గించడానికి. పోస్టు అక్కర్లేదన్న మాట చేతికి దొరికాక ఇంకా తవ్వే ఓపిక ఎవరికుంటుంది?

"నా చేతుల్లో ఏముందమ్మా," అన్నారు పెద్దసారు. ఆ నెలాఖరుకి ఆయన రిటైరయ్యారు. ఆయనకు పెన్షనుంది. ఆయన మీద ఆమెకు జాలి కలగలేదు, కలగాలని కూడా అనుకోలేదు.

ఆమె తిన్నగా రిజిస్ట్రారు దగ్గరికెళ్ళింది.

"సార్, ఆ గదుల్లో ఎవరూ లేరండీ. వట్టి బోర్డులే."

"ఆ సంగతి నాకు తెలుసు మేడం. ఈ ఆవరణలో కుక్కపిల్లకి కూడా తెలుసు," అన్నాడాయన తలెత్తకుండా. "కానీ కమిటీకి మీరేం చెప్పారు?"

"ఫీల్డుకెళ్ళారని చెప్పానండీ."

"పోనీ, కమిటీని తప్పుదోవ పట్టించానని రాసివ్వండి. పైకి పంపిస్తాను. మీమీద చర్య తీసుకుంటారు, డిపార్టుమెంటు మూసేస్తారు. నోరుమూసుకుంటే కనీసం డిపార్టుమెంటన్నా ఉంటుంది."

"ఎవరితో ఉంటుంది సార్?"

"ఉన్నవాళ్ళతో," అన్నాడు, ఇంకో ఫైలు ముందుకు లాక్కుంటూ.

ఆయనను తిడదామనుకుంది. ఆయన బల్ల మీద యూనివర్సిటీ కరెంటు బిల్లు కట్టలేదన్న నోటీసు కనిపించి ఊరుకుంది.

ఇంట్లో సంగతి చెబితే అత్తగారు ముందు కమిటీని, తర్వాత పెద్దసారిని, ఆ తర్వాత పేరుపేరునా ప్రభుత్వాన్నీ దుమ్మెత్తిపోసింది. అలిసిపోయాక కోడలి పక్కన చతికిలబడింది.

"అయినా ఎన్నడూ లేనిది, నువ్వెందుకే ఆ అబద్ధం చెప్పావు?"

"ఉద్యోగం కోసం అత్తయ్యా."

ఆ తర్వాత వీధి కుళాయి మాట ముసలావిడ నోట మళ్ళీ రాలేదు.

ఆఖరి రోజు రాళ్ళ మేడం ల్యాబు తాళాలు అటెండరుకిచ్చింది. తను సొంత డబ్బుతో కొన్న భూతద్దం, సుత్తి సంచిలో వేసుకుంది. పిల్లలు వరండాలో గుంపుగా నిలబడ్డారు. మాకింక పాఠాలెవరు చెబుతారు మేడం అని ఒకమ్మాయి అడిగింది. ఆమె ఆ పిల్ల భుజం తట్టింది. అంతలో ఆఫీసుగదిలో ఫోన్ మోగింది.

అటెండరు ఎత్తాడు. పరీక్షల విభాగం నుంచి. ప్రాక్టికల్సు దగ్గరపడ్డాయి, ప్రశ్నపత్రం ఎవరు తయారుచేస్తారు, రాళ్ళ మేడం ఉన్నారా అని అడుగుతున్నారు. అతను రిసీవరు అరచేత్తో మూసి ఆమె వంక చూశాడు. ఆమె వద్దన్నట్టు తలాడించింది.

"మేడం లేరండీ," అన్నాడతను. "ఫీల్డుకెళ్ళారు."

ఎప్పుడొస్తారని అవతల అడిగారు. గుమ్మంలోంచి కనబడుతున్న ఇత్తడి బోర్డు వైపు ఒకసారి చూసి, చెప్పాడు:

"మిగతా సార్లతో పాటే వస్తారండీ."