సూదంటురాయికి అంటని సూది

పాత చెక్క దువ్వెన, విరిగిన గొడుగు ఊచ, ఒక సూదంటురాయి. లేసు పనిలో నా ఆస్తి ఇంతే. చూసినవాళ్లు పాత సామాన్లవాడి మూట అనుకునేవారు. దిండు మీద లేసు అల్లడమంటే అంతా వేళ్ల నేర్పు అనుకుంటారు గానీ, సగం పని పుల్లలకు కాపలా కాయడమే. ఊక దట్టించిన దిండు మీద నమూనా అట్ట, అట్ట నిండా కన్నాలు, కన్నంకన్నానికీ ఒక గుండుసూది, సూదుల చుట్టూ తిరిగే దారాలు, ప్రతి దారం కొసనా ఒక కర్రపుల్ల. ఆ పుల్లలు ఒకదాని మీద ఒకటి దొర్లాయా, ఇక కూర్చుని ఏడవాల్సిందే. అందుకని పనిలో లేని పుల్లలను దువ్వెన పళ్ల మధ్య ఇరికించి ఓ పక్కన పెట్టేదాన్ని. లోపల ఇరుక్కున్న దారాన్ని పైకి లాగడానికి గొడుగు ఊచ కొస వంచి కొక్కెం చేసుకున్నాను. సూదంటురాయి మాత్రం నాకు పని నేర్పిన మిషను దొరసాని ఇచ్చింది, కింద రాలిన సూదులు ఏరుకోమని.

మొదట్లో ఇనప సూదులే వాడాను. వానలు పడేసరికి అవి తుప్పెక్కి తెల్లటి లేసు మీద మరకలు వేశాయి. అప్పుడు దొరసాని ఇత్తడి సూదులు తెప్పించింది. సూదులు మారాయి గానీ సూదంటురాయి సంచిలో అలాగే ఉండిపోయింది.

మా అత్తగారికి ఆ దిండంటే గిట్టదు. "దిండుకి సూదులు గుచ్చడమేటే, ఎవులికో సేతబడి సేసినట్టు!" అనేది. నేను నవ్వి ఊరుకునేదాన్ని. నవ్వకపోతే పని సాగదు.

ఆ ఏడు పురిటికి వచ్చిన మా ఆడపడుచు పిల్లతో ఇంకా మా ఇంట్లోనే ఉంది. పాకే పిల్ల, ఏది దొరికినా నోట్లోకే. దాని భయానికే నేను దిండును చాప మీద నుంచి తీసి ఎత్తుపీట మీదకి మార్చాను. లేచిన ప్రతిసారీ మీద గుడ్డ కప్పేదాన్ని. కానీ సరిగ్గా ఆ వారమే అది పీట పట్టుకుని నిలబడడం నేర్చింది.

ఆ మధ్యాహ్నం పప్పు దింపడానికి వంటింట్లోకి వెళ్లి వచ్చేసరికి కప్పిన గుడ్డ ఓ వైపుకి జారి ఉంది. పిల్ల పీట పట్టుకుని నిలబడి, చొంగ కారుస్తూ నోరు ఆడిస్తోంది. అత్తగారు అప్పుడే కుంటుకుంటూ పెరట్లోకి దిగిపోతోంది. నా కళ్లు ముందు లేసు అంచు మీదకి పోయాయి. అక్కడ ఒక దారం వదులై చిన్న ఉచ్చులా లేచి ఉంది. దాని కింద కన్నం ఖాళీ. సూది ఊడితే తప్ప ఆ దారం అలా లేవదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

పిల్ల నోట్లో వేలు పెట్టి చిగుళ్లూ నాలుకా అంతా తడిమాను. ఏమీ లేదు. పిల్ల గుక్కపట్టి ఏడ్చి, దగ్గడం మొదలుపెట్టింది.

ఆడపడుచు పరుగెత్తుకొచ్చింది. "ఏటి వదినా, పిల్లనేటి సేస్తన్నావు?"

"సూది... ఒక సూది లేదు," అన్నాను.

సంచిలోంచి సూదంటురాయి తీసి నేలంతా గీశాను. చాప కింద, పీట కింద, గడప సందుల్లో. ఒక తుప్పు మేకూ, ఎప్పుడో పోయిన కుట్టుసూదీ అంటుకొచ్చాయి. గుండుసూది రాలేదు. నేల మీద లేదంటే ఇక ఎక్కడున్నట్టు? ఆ ఒక్కచోటే. అరుపులకి పెరట్లోంచి వచ్చిన అత్తగారితో సహా అందరం పిల్ల పొట్ట వైపే చూశాం.

కబురంది తాలూకా కచేరీ నుంచి పరుగున వచ్చిన మావగారు ఆసుపత్రికి వెళ్లి, పాలిపోయిన మొహంతో తిరిగొచ్చారు. డాక్టరుగారు కొయ్యూరు కేంపులో ఉన్నారట. కాంపౌండరు విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నాడట. యలమంచిలి దాకా బండి, అక్కడినుంచి రైలు. ఆ కుదుపుల్లో లోపల సూది ఏ పేగుకి గుచ్చుకుంటుందో! మావగారు బండి కోసం మళ్లీ బయటికి వెళ్లారు.

"నా పిల్లకేటైనా అయితే, ఆ దిండుతోటే నిన్నూ తగలెట్టేస్తాను!" అంది ఆడపడుచు. తగలెడితే బాగుండుననే నాకూ అనిపించింది.

అత్తగారు మాత్రం నన్ను ఒక్క మాటా అనలేదు. ఆవిడ తిట్టకపోతే నాకు ఇంకా భయం. పిల్లను ఒళ్లో వేసుకుని అరటిపండు గుజ్జు చేసి తినిపిస్తోంది, మింగినదాన్ని పండు మెత్తగా మోసుకుపోతుందని. "తినమ్మ, తినేయ్, బేగి తినేయ్" అంటూ ముద్ద మీద ముద్ద పెడుతోంది.

నా చేతులకు ఏదో ఒక పని కావాలి. సూదంటురాయిని సంచిలో పడేయబోయాను. సంచిలో ఇత్తడి సూదులు గుచ్చి ఉంచిన గుడ్డ మెత్త ఉంది. రాయి సరిగ్గా దాని మీద ఆనింది. పైకి తీస్తే ఒక్క సూదీ అంటుకు రాలేదు.

ఒక్క క్షణం అర్థం కాలేదు. అప్పుడు తట్టింది. ఇత్తడిని అది లాగదు! ఇంతసేపూ నేను నేల మీద గీసిందంతా దండగ. అయితే సూది ఇంకా ఎక్కడైనా ఉండొచ్చు.

"అత్తయ్యా, ఇత్తడికి ఇది అంటదు! మళ్లీ వెతుకుదాం!" అని అరుస్తూ వెళ్లేసరికి, పిల్ల పండు విదిలించేసి అత్తగారి మెడలో పసుపుతాడు పట్టుకుంది. లాగింది. రవికలోంచి తాడు బయటికొచ్చింది. పుస్తెల పక్కన తాడు పురిలో పసుపుపచ్చగా ఒక చిన్న గుండు మెరిసింది. పిల్ల దాన్ని నోటి దగ్గరికి తీసుకుపోతోంది.

ఎలా దూకానో తెలియదు. పిల్ల పిడికిలి నా చేతిలో ఉంది. పిల్లను లాక్కుంటున్నాననుకుని ఆడపడుచు నా జుట్టు పట్టుకుంది. నేను పిడికిలి వదల్లేదు. ఒక్కొక్క వేలూ విప్పి తాడు విడిపించాను.

అత్తగారు తలవంచి సూదిని చూసుకుంది.

"నానే తీసినానే," అంది. "పెరట్లో కాల్లో ముల్లిరిగిపోయింది. సేతికందింది గదాని నీ దిండు మీద్ది లాగినాను. ముల్లు తీసి తాట్లో గుచ్చుకున్నాను. పిల్ల గాబరాలో మరిసిపోనానమ్మా."

ఆడపడుచు నా జుట్టు వదిలేసి పిల్లను గుండెలకు హత్తుకుని బావురుమంది. వీధిలో బండి వచ్చి ఆగింది. ఎడ్ల గంటలు వింటూ మేం ముగ్గురం నేల మీదే కూర్చుండిపోయాం. ఎవరికీ వెళ్లి మావగారికి చెప్పే ఓపిక లేదు.

కాసేపటికి సూది తీసుకుని దిండు దగ్గరికి వెళ్లాను. లేచిన దారాన్ని సర్దాను గానీ, రెండుసార్లు గుచ్చినా సూది కన్నం తప్పిపోయింది. వెనకనుంచి అత్తగారు కుంటుకుంటూ వచ్చింది. ఆ దిండంటేనే గిట్టని మనిషి సూది నా చేతిలోంచి తీసుకుంది.

"ఏ కన్నమే? సూపెట్టు," అంది. చూపించాను. తనే గుచ్చింది.

ఆ పిల్లకి ఇప్పుడు మనవలున్నారు. మా ఇంటికొచ్చినప్పుడు అది అన్నం తింటూ పొలమారి దగ్గితే అందరూ మంచినీళ్ల కోసం చూస్తారు. నేను మాత్రం దిండు ఉండే మూలకి చూస్తాను. ఆ మూల దిండు లేక ఎన్నేళ్లయిందో.