బూడిదలో దొరికిన గాజు

నిన్న వత్సవాయి దగ్గర రైలుకట్ట పక్కన, కొత్త లైను పనికొచ్చిన ఒకావిడ మూడు రాళ్ల పొయ్యి మీద అన్నం వండుతూ కనిపించింది. ఆరేళ్ల కూతురు పుల్లలు ఎగదోస్తోంది.

గుర్తుందా అక్కా, మన చిన్నప్పుడు ఆ కట్ట కింద తవ్వితే మసిపట్టిన పొయ్యిరాళ్లు, కుండపెంకులు బయటపడేవి? మొదట్లో ఆ కట్ట పోసిన కూలీలు వదిలివెళ్లినవి. ఓసారి ఆ బూడిదలో నాకు నీలం గాజు దొరికింది. తొడుక్కుని మురిసిపోతూ ఇంటికొస్తే నాయనమ్మ, "ఏ తల్లి బిడ్డదో ఏమో. దొరికినచోటే పెట్టేసి రావే" అంది. నేను పెట్టలేదు. ట్రంకుపెట్టెలో దాచుకున్నాను.

నిన్న ఇంటికొచ్చి వెతికి తీశాను. ఇప్పుడది నా మూడు వేళ్లకు కూడా ఎక్కలేదు. అప్పట్లో నాకు సరిపోయిందని సంతోషించానే గాని, దాన్ని పోగొట్టుకున్న పిల్లదీ అప్పటి నా వయసేనని నిన్నటిదాకా తట్టలేదు.