అంతా బాగుంది సార్

నాకు కెమిస్ట్రీ చెప్పినవాళ్ళు ఇద్దరు. ఇద్దరూ బంగారంలాంటి మనుషులు. ఆ ఇద్దరి మంచితనం మధ్య పడి నా బుర్ర పాడైపోయింది. వాళ్ళలో ఒక్కరు కాస్త చెడ్డవాళ్ళయినా నేను ఫస్టియర్ హాయిగా గట్టెక్కేదాన్ని.

ఒకరు తెస్ఫాయె సార్. ఇథియోపియా నుంచి వచ్చి, విజయనగరం పక్కనున్న మా యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తూ మా ఫస్టియర్ బీఎస్సీకి ప్రాక్టికల్స్ చెప్పేవారు. రెండోవారు ప్రిస్కిల్లా అక్క. బీఎస్సీ మూడో సంవత్సరం, హాస్టల్లో నా రూమ్మేటు. సాయంత్రాలు మాకు ట్యూటరు, అంటే పొద్దున బుర్రకెక్కనిది సాయంత్రం ఎక్కించే మనిషి. నేను చెప్పబోయేది ఈ అక్క గురించే. ఆవిడ నాకు అర్థమైందా అని మాత్రం అడగొద్దు.

అక్కది పాతపట్నం. నాన్న కృపానిధి గారు వరి పండిస్తారు. అమ్మ సత్యవతి గారు బాప్టిస్టు చర్చిలో సండే స్కూలు నడుపుతారు. గౌన్లు వేసుకునే వయసు నుంచే అక్క తల్లి పక్కన నిలబడి తనకన్నా చిన్నపిల్లలకి వాక్యాలు కంఠతా పట్టించేది. పద్ధతి ఒకటే. తను ఒక ముక్క అనడం, పిల్లలంతా కలిసి అదే ముక్క అనడం, నోటికొచ్చేదాకా వదలకపోవడం. టీచరు కావాలన్నది తప్ప ఆ మనిషికి వేరే కోరిక లేదు. పెద్దవాళ్ళకి ఎదురు చెప్పకూడదన్నది కూడా అక్కడే నేర్చుకుంది.

ఆ ఏడు మా డిపార్ట్‌మెంటువాళ్ళు విదేశీ స్కాలర్లనీ, మూడో సంవత్సరం ట్యూటర్లనీ జతలు కలిపారు. సార్ అక్కకి పాఠం చెప్పడంలో మెళకువలు నేర్పాలి. అక్క సార్‌కి మాకు ఏది ఎక్కుతుందో, ఏది ఎక్కదో, మేం ఎప్పుడు బుకాయిస్తామో చెప్పాలి. ప్రతి శుక్రవారం ల్యాబు బయట బెంచీ మీద కూర్చుని, ఒకరి పనిలో లోపం ఒకరు మొహమాటం లేకుండా చెప్పుకోవాలి. ఈ నిబంధన రాసినవాళ్ళెవరో గాని, మా వైపు మనుషుల్ని ఎన్నడూ చూసి ఉండరు.

శుక్రవారం సార్ ఇంగ్లీషులో అడిగేవారు. "ఈ వారం నా క్లాసు ఎలా ఉంది?"

అక్క చేతులు కట్టుకుని, "అంతా బాగుంది సార్" అనేది. "మరి నేను చెప్పడం ఎలా ఉంది సార్?"

"అంతా బాగుంది, ప్రిస్కిల్లా."

ఆ తరవాత ఇద్దరూ టీ తాగి ఎవరి దారిన వాళ్ళు పోయేవారు.

బాగుందట! సార్ చెప్పేది మాలో ఒక్కరికీ అర్థమయ్యేది కాదు. బోర్డు మీద ఒక చివర మొదలుపెడితే రెండో చివరిదాకా ఊపిరి పీల్చకుండా వెళ్ళిపోయేవారు. చివర్న "సందేహాలున్నాయా?" అనేవారు. మేం ఒక్క గొంతుతో "నో సార్" అనేవాళ్ళం. సందేహం ఉందంటే సార్ సరిగ్గా చెప్పలేదన్నట్టే కదా. దేశం కాని దేశం వచ్చిన మనిషిని అంత మాట ఎలా అంటాం?

సాయంత్రం అక్క అదంతా మళ్ళీ తెలుగులో చెప్పి, రేపు సార్ ఏమడుగుతారో ఊహించి, జవాబులు మా నోటికి పట్టించేది. మర్నాడు మేం గడగడా అప్పజెప్పేవాళ్ళం. సార్ మురిసిపోయి, పిల్లలు అందుకుంటున్నారు కదా అని ఇంకా జోరు పెంచేవారు. ఆయన జోరు పెంచితే అక్క సాయంత్రం ఇంకాసేపు కూర్చోబెట్టేది. తన చదువు ఎప్పుడు చదువుకునేదో దేవుడికే తెలియాలి. నాకు పొద్దున ఒకలాగ, సాయంత్రం ఒకలాగ వినబడి, రెండూ ఒకటే పాఠమని కూడా తెలియని స్థితికి వచ్చాను.

టైట్రేషన్ అని ఒక ప్రయోగం ఉంది. కింద ఫ్లాస్కులో ఆమ్లం, పైన బ్యూరెట్ అనే గాజు గొట్టంలో క్షారం. ఫ్లాస్కులో రంగు చూపించే మందు ఒక చుక్క వేసి, పైనుంచి క్షారాన్ని బొట్టు బొట్టుగా వదలాలి. ఆమ్లం అంతా అయిపోగానే నీళ్ళలా ఉన్నది గులాబీ రంగుకి తిరుగుతుంది. అక్కడ ఆపాలి. అక్క దాన్ని సండే స్కూలు బాణీలోనే నేర్పింది. "గులాబీ వచ్చిందా?" అని తను అనడం, "ఆపేయ్!" అని మేమంతా అరవడం.

ఒకరోజు సార్ తారుమారు చేశారు. క్షారం కింద, ఆమ్లం పైన. అంటే చుక్క వేయగానే గులాబీ వచ్చేస్తుంది, అది పోయేదాకా ఆమ్లం వదలాలి. సార్ అదంతా చెప్పే ఉంటారు, మా చెవులకి ఎక్కలేదు. చుక్క వేశాం. గులాబీ వచ్చింది. ఆపేశాం. పైనుంచి ఒక్క బొట్టు కూడా వదలకుండా క్లాసు క్లాసంతా ప్రయోగం పూర్తిచేసి చేతులు కట్టుకుని నిలబడ్డాం.

"అయిపోయింది సార్" అన్నాను, అందరికన్నా ముందు నేనే.

సార్ నా బ్యూరెట్ చూశారు. నిండుగా ఉంది. పక్కవాళ్ళది చూశారు. అదీ నిండుగానే ఉంది. తిడతారనుకున్నాను. "బాగుంది. రేపు మళ్ళీ చూద్దాం" అన్నారు. ఏం బాగుందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ శుక్రవారం ల్యాబు గుమ్మం చాటున నిలబడి విన్నాను. సార్ ఏదో చెప్పబోయి, అక్క మొహం చూసి, "అంతా బాగుంది" అనేశారు. అక్క కూడా అదే అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. రూముకి రాగానే అడిగేశాను.

"అక్కా, సార్ సెప్పింది మాకొక్క ముక్కా ఎక్కట్లేదని సెప్పీరాదేటి?"

"ఓలమ్మ! సార్‌కి నాను తప్పు సెప్తానేటే? కళ్ళు పోతాయి."

"మరి నువ్వు బట్టీ పట్టిస్తన్నావని సార్ నీకు సెప్పాల గదా?"

అక్క తల దువ్వుకుంటున్నదల్లా ఆగింది. "బట్టీయేటి? మీకు నోటికొస్తన్నాది గదా. సార్ బాగుందనే అన్నారు."

"ఆయన బాగుందంటారు, నువ్వు బాగుందంటావు. బాగోనిది నానొక్కర్తినేనేటి?"

అక్క నవ్వలేదు. అప్పుడు అసలు సంగతి చెప్పింది. సోమవారం మా హెడ్డు తిరుమలరావు గారు సార్ క్లాసు చూడ్డానికి వస్తున్నారు. బాగాలేదని ఆయనకి తోస్తే సార్‌ని పాఠాల నుంచి తీసేస్తారు. పాఠాలు లేకపోతే సార్ ఇక్కడ ఉండడానికి లేదు, పీహెచ్‌డీ సగంలో వదిలేసి ఇంటికి పోవాలి.

"ఆ మనిషి ఉత్తచేతుల్తో ఎలిపోవాలేటే? నా నోటితో నాను పంపనే, యమునా" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాకు జాలేసింది, కోపమూ వచ్చింది. ఏది ముందో తెలియక దుప్పటి కప్పుకుని పడుకున్నాను.

ఆదివారం చర్చి నుంచి వచ్చీరాగానే అక్క క్లాసందర్నీ హాస్టల్ భోజనాల హాల్లో కూర్చోబెట్టింది. సార్ ఏ ప్రశ్న అడిగితే ఎవరు లేవాలో, ఏమనాలో అన్నీ పంచింది. నా వంతు వాక్యం నిద్రలో లేపినా చెప్పగలను.

సోమవారం తిరుమలరావు గారు వచ్చి వెనక బల్ల దగ్గర కూర్చున్నారు. ఆయన రోజూ అరసవల్లి నుంచి కారులో వస్తారు, కారు దిగేసరికే చిరాకుగా ఉంటారు. తెస్ఫాయె సార్ ఆయనకి నమస్కారం పెట్టి, "ఈ పిల్లలు బాగా చెబుతున్నారంటే కారణం ప్రిస్కిల్లా. ఇవాళ పాఠం ఆమె చెబుతుంది" అన్నారు. సుద్దముక్క అక్క చేతిలో పెట్టి, వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చున్నారు.

నాకు మతిపోయింది. టీచరు కావాలనుకునే పిల్లని హెడ్డు స్వయంగా చూస్తే మంచిదని ఆయన ఉద్దేశమట. అక్క ఆయన్ని నిలబెట్టాలని చూస్తే, ఆయన అక్కని తీసుకెళ్ళి బోర్డు దగ్గర నిలబెట్టారు.

సార్ అడగాల్సిన ప్రశ్నలు ఎవరూ అడగలేదు కాబట్టి మా జవాబులు మా నోళ్ళలోనే ఉండిపోయాయి. కంగారులో అక్క పాత బాణీలోకి వెళ్ళిపోయింది.

"గులాబీ వచ్చిందా?"

"ఆపేయ్!" అని అరిచాం.

వెనక తిరుమలరావు గారు పెన్ను మూత తీశారు.

అప్పుడు నా పక్కన తెస్ఫాయె సార్ చెయ్యెత్తారు. "అక్కా, నాకు అర్తం కాలేదు" అన్నారు, మా దగ్గర నేర్చుకున్న తెలుగులో. "ఆమ్లం పైనుంటే ఏటౌతాది?"

ఆ గదిలో అంతవరకు ఎవరూ అనని మాట. దాన్ని సార్ అన్నారు! నాకేం పట్టిందో నేనూ లేచి, "నాకూ అర్తం కాలేదు" అన్నాను. వెనక నుంచి ఇంకొకరు, ఆ పక్క నుంచి మరొకరు. క్లాసంతా అదే మాట.

"ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు మరి?" అని తిరుమలరావు గారు గద్దించారు. "ప్రిస్కిల్లా, నువ్వు చెప్పు. సార్ చెప్పేది వీళ్ళకి అర్థమవుతోందా, లేదా?"

అక్క నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. నిజం చెబితే సార్ ఇంటికి పోతారు. అబద్ధం చెప్పడానికి మేం దారి లేకుండా చేశాం. అక్క హెడ్డుకి కాదు, సార్‌కే చెప్పింది. ఇంగ్లీషులో మొదలుపెట్టి తెలుగులో తేలింది.

"సార్, మీ క్లాసు వీల్లకి అర్తమవదండి. శానా జోరుగా ఎల్తారు. అందుకే సాయంత్రం నాను మల్లీ సెప్పి బట్టీ పట్టిస్తన్నాను. ముందే సెప్పాల. సెప్పలేకపోనాను."

సార్ లేచి నిలబడ్డారు. "నేనూ చెప్పాలి" అన్నారు ఇంగ్లీషులో. "నువ్వు వీళ్ళకి జవాబులిచ్చేస్తావు, ప్రశ్నని దగ్గరికి రానివ్వవు. ఆ నిండు బ్యూరెట్లు చూసిననాడే నాకు తెలిసింది. మా ఇంట్లోనూ మేలు చేసేవాళ్ళకి తప్పు చూపించరు. బాధపడతావని ఊరుకున్నాను."

అందరి ముందూ ఇద్దరి కళ్ళూ తడయ్యాయి. మాకు ఎటు చూడాలో తెలియలేదు.

తిరుమలరావు గారు గొంతు సవరించుకున్నారు. "అది సరే. ఆమ్లం పైనుంటే ఏమవుతుందో ఎవరైనా చెబుతారా?"

అక్క నోరు తెరిచి, మూసుకుంది. "యమునా, నువ్వే సేసి సూడు" అంది.

బ్యూరెట్లో ఆమ్లం పోసి, కింద గులాబీగా ఉన్న క్షారంలోకి బొట్టు బొట్టుగా వదిలాను. గులాబీ ఉన్నట్టుండి మాయమైంది. "ఓలమ్మో! క్షారం అయిపోనాది, అందుకే రంగు పోనాది!" అని అరిచాను. ఎవరూ నాకు పట్టించని మాట అది.

తిరుమలరావు గారు నవ్వలేదు, తిట్టలేదు. పెన్ను జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు. సార్‌ని ఉంచుతున్నట్టో తీసేస్తున్నట్టో ఎవరికీ అంతుపట్టలేదు. ఆ వారం అక్క సరిగ్గా అన్నం తినలేదు. శుక్రవారం మధ్యాహ్నం, వచ్చే సెమిస్టరు టైమ్‌టేబుల్ గోడకి అంటించారు. ఫస్టియర్ ప్రాక్టికల్స్ ఎదురుగా తెస్ఫాయె సార్ పేరే ఉంది.

సాయంత్రం ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. ఈసారి నేను దాక్కోకుండా ఎదురుగానే నిలబడ్డాను.

"ఈ వారం నా క్లాసు ఎలా ఉంది?" అన్నారు సార్.

అక్క చేతులు కట్టుకుంది. అలవాటైన మాట నోటిదాకా వచ్చింది, నాకు తెలుస్తూనే ఉంది. దాన్ని మింగేసింది.

"బుధవారం బాగులేదు సార్" అంది.

అనేసి కళ్ళు రెండుసార్లు ఆర్పి చూసుకుంది. రెండూ ఉన్నాయి. సార్ మొహం ఒక్కసారిగా విప్పారింది. తన పని బాగులేదంటే అంత సంతోషించిన మనిషిని నేను పుట్టాక చూడలేదు. ఎందుకంత సంతోషమో నాకు అర్థం కాలేదు, అయినా నాకూ ఏడుపొచ్చింది.

"ఇప్పుడు నీ గురించి చెప్పనా?" అన్నారాయన.

అక్క చున్నీ కొస గుప్పిట్లో బిగించింది.

"సెప్పండి సార్."