పావు కావాల్సిన చోట సగం

ఆఫీసులో ఆమె అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనబడదు. అందరికీ ఆమె పెట్టెమ్మ. సభామందిరాలు కట్టకముందే వాటిలో శబ్దం ఎలా తిరుగుతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టే ఆఫీసు అది. ఏ హాలు జోలికైనా వెళ్ళే ముందు పెట్టెమ్మ అదే ప్రోగ్రాముతో ఒక ఖాళీ పెట్టెలో శబ్దాన్ని ఆడించి చూస్తుంది. ఖాళీ పెట్టెలో ఏ క్షణాన గాలి ఒత్తిడి ఎంతో కాగితం మీద సూత్రంతో తెగేసి చెప్పొచ్చు. కంప్యూటరేమో గాలిని గళ్ళుగా, కాలాన్ని అడుగులుగా కోసి ఉజ్జాయింపుగా చెబుతుంది. ఆ రెండింటి తేడా ఆమె కొలుస్తుంది. గడినీ అడుగునూ సగం చేస్తే తేడా పావు వంతుకు పడాలి. పడితే హాలు లెక్క కాగితాల మీద సంతకం. పడకపోతే దేవుడు దిగొచ్చినా సంతకం లేదు.

కొత్త మేనేజరుకు ఈ తంతు కంట్లో నలుసైంది. "ఖాళీ పెట్టెలో ఎవరు కచేరీ పెడతారు మేడమ్?" అని అందరి ముందూ నవ్వాడు. నవ్వి ఊరుకున్నా బాగుండేది. శుక్రవారం పెద్ద హాలు కాంట్రాక్టరు వస్తున్నాడు, ఆ పని కాగానే పెట్టె పరీక్ష ఎత్తేస్తాం, మీరు పాత కాగితాల గదికి మారండి అని చల్లగా చెప్పేశాడు. పెట్టెమ్మకు ఒళ్ళు మండిపోయింది. బూజు దులుపుకుంటూ కూర్చోవడానికా ఇరవై రెండేళ్ళు లెక్కలతో తల బద్దలు కొట్టుకున్నది?

ఆ పెద్ద హాలుకు ఒక కొత్త కోరిక ఉంది. ఇన్నాళ్ళూ లెక్క కదులుతున్న గాలితో మొదలయ్యేది. ఈసారి బుడగ పేలినట్టు, నొక్కి ఉంచిన గాలిని ఒక్కసారిగా వదిలి మొదలుపెట్టాలి. పెట్టెమ్మ తన పెట్టెలోనూ అలాగే చేసింది. తేడా లక్షకు ఎనిమిది వందలు. సగం చేసింది. రెండు వందలు రావాలి, నాలుగు వందలొచ్చింది. మళ్ళీ సగం చేస్తే రెండు వందలు.

"లక్షకి రెండొందలు ఏ చెవికి తెలుస్తుంది మేడమ్? పెట్టేయండి సంతకం," అన్నాడు మేనేజరు.

"ఎంతన్నది కాదు సార్. పావు కావాల్సిన చోట సగం వచ్చిందంటే ప్రోగ్రాములో ఎక్కడో ఓ వరుస తప్పుగా రాసుంది."

"శుక్రవారంలోగా చూపించండి. లేదంటే నేనే పెట్టేస్తా."

రెండు రోజులు గోడల దగ్గర వెతికింది, మూలల్లో వెతికింది, సూత్రాన్ని మూడుసార్లు తిరగరాసింది. ఫలితం సున్నా. శుక్రవారం పొద్దున ఇంట్లో టీ గ్లాసు ముందు పెట్టుకుని దిగాలుగా కూర్చుంటే, పక్కన కుట్టుమిషను మీద బట్టలు కుడుతున్న ఆమె భర్త తలెత్తకుండానే అడిగాడు.

"ఆ తేడా పోనుపోను పెరుగుతోందా?"

"లేదండీ. మొదట్నుంచీ ఒకేలా ఉంది."

"అయితే మొదటి కుట్టు చూడవే. పొడుగునా అంతే పక్కకి పోయిందంటే నడుమ ఎవరూ జరపలేదన్నమాట. సూది దించిన చోటే తప్పు."

టీ అక్కడే వదిలేసి ఆమె పరుగున ఆఫీసుకు వెళ్ళింది. ప్రోగ్రాములో గాలి ఒత్తిడీ వేగమూ మనిషి రెండు కాళ్ళలాగా నడుస్తాయి. ఒత్తిడి ఒక అడుగు వేస్తే వేగం అర అడుగు వెనక ఉండాలి. మొదట్లో మాత్రం ఎవరో రెండు కాళ్ళనూ ఒకే గీత మీద నిలబెట్టారు. కదిలే గాలితో మొదలైనప్పుడు ఆ అర అడుగులో వేగం దాదాపు మారదు కాబట్టి తప్పు ఇన్నాళ్ళూ దాక్కుంది. ఆ వరుస పక్కన రాసినవాళ్ళ పొడి సంతకం, తేదీ ఉన్నాయి. పందొమ్మిదేళ్ళ నాటివి. పొడి సంతకం ఆమెదే.

ఆమె సిగ్గుపడి చుట్టూ ఒకసారి చూసింది. గుట్టుచప్పుడు కాకుండా దిద్దేస్తే ఎవరికీ తెలియదు. ఒక నిమిషం ఆ ఆశ కలిగింది కూడా. దిద్దింది. నూట అరవై. సగం చేసింది. నలభై! మళ్ళీ సగం. పది! ఆ మూడు అంకెలు చూశాక ఆమెకు సిగ్గు పోయింది, సంతోషం ఒక్కటే మిగిలింది. పాత హాళ్ళ లెక్కల్ని కూడా తిరగేసి చూసుకుని, కాగితాలు పట్టుకుని లేచింది.

మేనేజరు గదిలో కాంట్రాక్టరు కూర్చుని ఉన్నాడు. ఒకప్పటి తాపీమేస్త్రీ, నెరిసిన మీసాల పెద్దాయన. పెట్టెమ్మ పాత అంకెలూ కొత్త అంకెలూ బల్ల మీద పక్కపక్కన పరిచింది.

"తప్పు దొరికింది సార్. పందొమ్మిదేళ్ళ కింద రాసింది నేనే. పాత హాళ్ళ లెక్కలన్నీ కదిలే గాలితో మొదలయ్యాయి, వాటికేం కాలేదు. మీ హాలు లెక్క మాత్రం తేడాగా వచ్చేది."

మేనేజరు ఒంటికాలి మీద లేచాడు. "చూశారా! అందుకే ఈ పెట్టె పరీక్ష ఎత్తేస్తున్నా. ఈవిడ తప్పు పెట్టుకుని ఇన్నేళ్ళూ మాకు పాఠాలు..."

"ఆగవయ్యా," అన్నాడు పెద్దాయన. "నేను కట్టిన గోడకి నేనే రసమట్టం పెట్టేవాణ్ణి. వంకరుంటే నేనే పడగొట్టేవాణ్ణి. రాసినావిణ్ణే పట్టిచ్చిన పరీక్షని ఎత్తేస్తానంటావేంటి? ఈ అమ్మ సంతకం లేని కాగితం నా దగ్గరికి తేవద్దు."

మేనేజరు తన జేబులోని పెన్ను తనే తీసి ఆమెకు అందించాడు. పెట్టెమ్మ తీరిగ్గా, పేరు మొత్తం రాసి సంతకం పెట్టింది.

సాయంత్రం ఆమె సందు మలుపు తిరగగానే భర్త మిషను ఆపి గుమ్మంలోకి వచ్చాడు.

"ఎంతొచ్చింది?"

"పావు!" అని సందంతా వినపడేలా అరిచింది.