క్యారియర్ లేని సైకిల్

దయ్యాలన్నా గాలులన్నా నాకు మొదట్నుంచీ నవ్వే. ప్రొద్దుటూరులో జాకెట్లు కుట్టుకుంటూ బతుకుతున్నాను. నా దగ్గరికొచ్చే ఆడవాళ్లు చెప్పే గాలి సోకిన కథలన్నీ కత్తెర ఆపకుండానే విని పంపించేస్తాను. అలాంటిదాన్ని ఇది రాస్తున్నానంటే, నాకే జరిగింది కాబట్టి.

నా స్నేహితురాలు ఖైరున్ నిరుడు కిడ్నీల జబ్బుతో పోయింది. చిన్నప్పుడు జమ్మలమడుగులో మా ఇళ్లు పక్కపక్కనే. ఆ జబ్బున్న పేదవాళ్ల డయాలసిస్ కోసం విరాళాలు పోగుచేస్తూ, ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు మీదుగా పులివెందులకు కొందరు సైకిల్ యాత్ర పెడుతున్నారని తెలిసింది. యాభైకి దగ్గరపడ్డ వయసులో పోయి పేరిచ్చేశాను.

"ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగిరినట్టుండాది నీ యవ్వారం. మేడ మెట్లెక్కితే మోకాళ్లంటావు, పులివెందులకు తొక్కుతావా?" అన్నాడు మా ఆయన. అన్నాడే గానీ, తెల్లారి నేను సాధనకు బయల్దేరితే బైకు మీద నా వెనకే వచ్చేవాడు. నీళ్ల సీసా, నొప్పుల మందు అన్నీ ఆయనే మోసేవాడు. తిట్టకుండా ప్రేమ చూపించడం ఆయనకు చేతకాదు.

జమ్మలమడుగు దాకా బాగానే తొక్కేదాన్ని. అక్కణ్నుంచి ముద్దనూరు దారిలో కొండ ఎత్తు ఉంది. వెళ్లిన ప్రతిసారీ సగంలో దిగి, సైకిల్ తోసుకుంటూ పైకెక్కేదాన్ని. మొన్న ఆదివారం కూడా దిగాల్సి వస్తే పేరు వెనక్కి తీసుకుంటానని మా ఆయనతో చెప్పే బయల్దేరాను. అలా చేస్తే ఖైరున్‌కు ముఖం చాటేసినట్టేనని లోపల ఒకటే బాధ.

ఇక్కడ మా చిన్ననాటి సంగతొకటి చెప్పాలి. బడికి మా ఇద్దరికీ ఒకే సైకిల్. నేను తొక్కుతుంటే ఖైరున్ వెనక క్యారియర్ మీద అటో కాలు ఇటో కాలు వేసి కూర్చునేది. ఎత్తు వస్తే వెనక కూర్చున్నవాళ్లు ఎవరైనా దిగుతారు. అది దిగేది కాదు. నా కాళ్ల వెనకే తన కాళ్లూ పెడళ్ల మీద పెట్టి, నాతోపాటు తొక్కేది. దాని హవాయి చెప్పులు నా మడమలను తొక్కేసేవి, ఎడమ మడమను మరీనూ. నేను తిడితే, "ఎత్తెక్కినాంక తిట్టు మ్మే, ఇప్పుడు తొక్కు!" అనేది.

ఆ ఆదివారం జమ్మలమడుగులో టీ తాగి, మా అమ్మాయి కొనిచ్చిన తెల్ల బూట్లను తడిగుడ్డతో శుభ్రంగా తుడుచుకున్నాను. ఎత్తు మొదలైంది. ఎప్పుడూ దిగే మలుపు దగ్గర ఊపిరి అందలేదు. ఇక దిగిపోదామనుకున్నాను.

అప్పుడే పెడళ్లు తేలికైపోయాయి. నేను గేరు మార్చలేదు. గాలి ఎదురుగానే కొడుతోంది. నా వెనక ఇంకో జత కాళ్లు తొక్కుతున్నట్టే ఉంది. నిజం చెప్తున్నాను, భయం వేయలేదు. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే, కాలు కింద పెట్టకుండా కొండ పైకి చేరాను.

మా ఆయన వచ్చి బైకాపి, "ఏమ్మే, అట్ల పోతివేంది! నిన్ను అందుకునేకి నాకే శానా కష్టమాయె," అన్నాడు. నా వెనక ఎవరైనా కనిపించారా అని అడిగాను. "నీ ఎనక నేను గాక ఇంకెవరుంటారు?" అన్నాడు.

బూట్లు విప్పి చూస్తే రెండు బూట్ల మడమల మీదా మట్టి. ఆ మట్టిలో హవాయి చెప్పు గీతలు. ఎడమ బూటు మీద ఎక్కువ. మా ఆయన వేసుకున్నవి తోలు చెప్పులు. ఆయన ఆ బూట్లను తిప్పి తిప్పి చూసి, తన చెప్పు అడుగును పక్కన పెట్టి పోల్చుకున్నాడు.

నాది గేర్ల సైకిల్. దానికి క్యారియరే లేదు. ఖైరున్ ఎక్కడ కూర్చుందో ఎంత ఆలోచించినా నాకు అంతుబట్టడం లేదు.

యాత్ర వచ్చే ఆదివారం. నిన్న సైకిల్ షాపుకు పోయి క్యారియర్ బిగించమన్నాను. "ఈ సైకిలుకు క్యారియర్ ఎందుకమ్మా, ఉత్త బరువు?" అన్నాడు షాపాయన. నాతో వచ్చిన మా ఆయన అందుకున్నాడు.

"బిగించప్పా. ఎనక మనిషి కూర్చోవాల."