చప్పుడు లేని రందా మిషను

పాలకుర్తిలో మా మేనమామకు కట్టె మిషన్ల దుకాణం ఉండేది. తన తండ్రి కొన్న, చెక్కను నున్నగా చెక్కే రందా మిషనుకు, పాత త్రీఫేజ్ మోటారును మార్చకుండానే, వేగం పెంచి తగ్గించే డ్రైవ్ పెట్టెను బిగించుకున్నాడు. దాని నాబ్ తిప్పడం ఆయనకు ఆటయింది. దుకాణంలో పనిచేసే వడ్రంగి పలకను లోపలికి నెడుతుండగా వేగం పెంచేవాడు. ఆ సమయంలో ఆయన పలకను చూసేవాడు కాదు, వడ్రంగి ముఖాన్ని చూసేవాడు.

"అన్నా, జర తక్కువ చెయ్యి."

"రాష్ట్రం గావాలంటివి, గింత స్పీడుకే బెదురుతున్నవేందిరా?"

తెలంగాణ ఉద్యమం ముమ్మరంగా ఉన్నప్పుడు, ఒక బంద్ నాడు, మామ షట్టరు దించి లోపల దర్వాజలు చేయించాడు. మోత రోడ్డు మీదికి వినబడకూడదని మోటారును బాగా నెమ్మదిగా తిప్పాడు. చప్పుడు ఆగితే మిషను ఆగినట్టేనని జీవితమంతా నమ్మిన వడ్రంగి, ఆ మసక వెలుతురులో పొట్టు తీయడానికి చేయి పెట్టాడు. కత్తి ఇంకా తిరుగుతూనే ఉంది. కుడిచేతి వేళ్లు రెండు తెగిపోయాయి.

ఆ రోజు దుకాణంలోనే ఉన్న నేను అతన్ని పట్టుకొని షట్టరు వైపు నడవబోతే మామ అడ్డంగా నిలబడ్డాడు.

"ఎనుక తొవ్వల దవాఖానకు తీస్కపో. షట్టరు లేపకు."

ఆ వారంలోనే దీక్షా శిబిరంలో, దుకాణం మూసి బంద్ పాటించినందుకు మామకు దండ వేశారు. ఆయన మైకు అందుకొని, "మా వడ్లాయన గుడ తెలంగాణ కోసం రక్తం కార్చిండు" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. చేతికి కట్టుతో ముందు వరుసలో కూర్చున్న వడ్రంగిని లేవమని సైగ చేశాడు.

అతను లేచి నిలబడ్డాడు.